తెల్లరేవు కొత్త మంచు

ఆగస్టు 11

ఇవాళ సూర్యుడు కనిపించాడు.

ఈ దక్షిణ ధ్రువపు మంచు నేల మీద మే మొదట్లో పోయినవాడు ఈ మధ్యాహ్నం ఉత్తరం దిక్కున ఎర్రటి అంచులా లేచి, కాసేపు నిలబడి దిగిపోయాడు. తెల్లరేవు జనమంతా కప్పు మీదికి ఎక్కి కేకలు వేశారు. సన్నగా మంచు పడుతోంది. పిల్లలు నోళ్లు తెరిచి నాలుకల మీద పట్టుకుంటుంటే నేను కూడా పట్టుకున్నాను. కొత్త మంచుకు రుచేమీ ఉండదు. చల్లగా తగిలి మాయమవుతుంది.

నా పని కరిగింపు షెడ్డులో. మా ఆయన కొర్లయ్య కోత బండి మీద బయటి మైదానానికి వెళ్లి మంచు దిమ్మలు కోసుకొస్తాడు. నేను వాటిని కరిగించి, వడగట్టి, ఒక గిన్నెడు పరీక్ష పెట్టెలో పోస్తాను. నీళ్లలో సీసం, పాదరసం లాంటివి హద్దులో ఉంటే పచ్చ దీపం, దాటితే ఎర్ర దీపం. ఆ హద్దును మమ్మల్ని ఇక్కడికి పంపిన ప్రధాన కార్యాలయమే అక్కడి నుంచి పెట్టెలో పెడుతుంది. పచ్చ వెలిగితే తాగే తొట్టికీ చేపల తొట్లకీ నీళ్లు వదులుతాను. ఈ సంగతులు రోజూ ఈ షెడ్డు పుస్తకంలో రాయాలి. మిగిలిన జాగాలో ఏం రాసినా ఎవరూ అడగరు కనుక నా మాటలు కూడా రాస్తుంటాను.

ఇవాళ పచ్చ.

ఈ ఏడు వెలుతురు పలచగా ఉంది. పోయినేడు గొడుగును మందం చేశారని రేడియోలో చెప్పారు. నేను పుట్టకముందే ఆకాశానికి గొడుగు పట్టారు. ఎండ వేడి తగ్గడానికి విమానాల్లోంచి సన్నటి బూడిద చల్లుతూనే ఉంటారు. అది లేకపోతే శ్రీకాకుళం తీరంలో మిగిలిన ఊళ్లు కూడా సముద్రంలో కలిసిపోయేవట. అందుకే మా అత్త నూకమ్మ సూర్యుడికి దండం పెట్టాక, పైకి చూసి గొడుక్కీ ఒక దండం పెట్టింది.

నాకు ఐదో నెల. తొట్లలో పెరిగే కొరమేనులో మధ్యముక్కలు కడుపుతో ఉన్నవాళ్లకే ఇవ్వాలని మా రేవు పెద్ద జోగారావు గారు పెట్టిన నియమం. ఇప్పుడు తెల్లరేవులో కడుపుతో ఉన్నది నేనొక్కదాన్నే. అత్త పులుసు గిన్నె నా ముందు పెట్టి, "తినీ. బుగతోరి కోడలు తిన్నట్టు కూకోని తినీ," అని నన్ను భూస్వామి ఇంటి కోడల్ని చేసేసింది. తిన్నాను. చాలా బాగుంది.

ఆగస్టు 24

పచ్చ.

అత్త కోళ్లకు ఏదో అయింది. పొద్దున ఎర్రపెట్ట ఒకే చోట గుండ్రంగా తిరుగుతోంది. ఆగదు. మెడ వెనక్కి విరుచుకుని, గోడను ఎక్కబోయినట్టు కాళ్లు కొట్టుకుని, పక్కకు పడిపోయి, లేచి మళ్లీ తిరుగుతుంది. మిగతా కోళ్లు ఒక మూల నక్కి దాన్ని చూస్తున్నాయి. అత్త ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. సాయంత్రానికి ఎర్రపెట్ట చచ్చిపోయింది. దాన్ని బయట పడేసి వచ్చేసరికి ఇంకోటి తిరగడం మొదలుపెట్టింది.

"తెగులేటో," అంది అత్త. కానీ ఆమె మొహం అలా లేదు. చిన్నప్పటి నుంచీ కోళ్లు పెంచిన మనిషి. "ఇలగ తిరిగిన కోడిని నానెప్పుడూ సూణ్ణేదే, పైడీ."

డాక్టర్ సఫియా వచ్చి చూసింది. ఆవిడ గుంటూరు వైపు మనిషి, తెల్లరేవుకు వచ్చి రెండేళ్లయింది. కోళ్లకు మేతేం వేస్తున్నారని అడిగింది. "మనం తిన్నదే. సేప తలకాయలు, పేగులు," అంది అత్త. డాక్టరమ్మ చచ్చిన కోడిని గుడ్డలో చుట్టి తీసుకెళ్లింది.

సెప్టెంబరు 3

పచ్చ.

కొర్లయ్య కోత బండిని జెండా కర్రకు గుద్దేశాడు. ఆ కర్ర అక్కడ ఏళ్ల తరబడి ఉంది. బండి నడపడంలో తెల్లరేవులో అతని తర్వాతే ఎవరైనా. ఏమైందని అడిగితే ఎండ కళ్లలో పడిందన్నాడు. ఆ వేళకు ఎండ లేదు.

ఇంటికొచ్చాక కోటు బొత్తాలు తీసుకోలేకపోయాడు. వేళ్లు బొత్తాన్ని పట్టుకోబోయి జారిపోతున్నాయి. నేను వెళ్లి తీశాను.

"మావా, ఏటైంది నీకు?"

"నాకేటీ కానేదు. పెదాలు తిమ్మిరిగున్నాయి. సీమలు పాకినట్టుంది. సలి ఎక్కువైంది గదా."

"సలి మనకి కొత్తేటి?"

అతను నా మొహం వైపు చూశాడు. మామూలుగా అయితే కళ్లు కదిపి చూస్తాడు. ఇవాళ తలంతా తిప్పి, నన్ను వెతికి పట్టుకున్నట్టు చూశాడు.

"డాక్టరమ్మతో సెప్పకు," అన్నాడు. "బండి దించేస్తారు నన్ను."

నేను సరేనన్నాను. అతను పడుకున్నాక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

సెప్టెంబరు 10

పచ్చ.

ఇవాళ అందరినీ భోజనాల హాల్లోకి పిలిచారు. డాక్టరమ్మ ఒక్కొక్కరినీ గీత మీద నడిపించింది, ముక్కు మీద వేలు పెట్టమంది, కత్తెరతో కొంచెం జుట్టు కత్తిరించి కాగితంలో చుట్టింది. జనం మొదట నవ్వులాటగా తీసుకున్నారు. తర్వాత వంటశాల రవణమ్మ గీత మీద నడవబోయి గోడకు చేరిపోయింది. ఆమెను చూసి నవ్వబోయిన మనిషి తన వంతు వచ్చేసరికి వేలును ముక్కుకు బదులు కంట్లో పొడుచుకున్నాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

జోగారావు గారు మాట్లాడడానికి లేచారు. ఆయన గొంతు గట్టిది, మైకు అక్కర్లేదు. ఇవాళ మాటలు నోట్లో ముద్దలా తిరిగాయి. "భయపడకండి" అనే మాటను మూడుసార్లు మొదలుపెట్టి, చివరికి చెయ్యి ఊపి కూర్చున్నారు.

నేను గీత మీద తిన్నగా నడిచాను. వేలు ముక్కు మీదికే వెళ్లింది. డాక్టరమ్మ నా చేత రాయించి, పోయినేడు నేను రాసిన పేజీలు పక్కన పెట్టుకుని చూసింది. "నీ రాత ఏమీ మారలేదు," అంది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అదే గదిలో మా ఆయన బెంచీ పట్టుకుని కూర్చున్నాడు, నాకు సంతోషం వేసింది.

ఆవిడ మాత్రం సంతోషించలేదు. నా పొట్ట వైపు చూసి, కాగితాలు సర్దుకుంది.

సెప్టెంబరు 15

డాక్టరమ్మ జోగారావు గారిని వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చి తలుపు వేసింది.

"చేపలు ఆపాలి," అంది. "ఈ పూట నుంచే."

పాదరసం. కోళ్ల మెదళ్లలో ఉంది, అందరి జుట్టులోనూ ఉంది. నేను పరీక్ష పెట్టెను చూపించాను. రోజూ పచ్చే కదా అన్నాను.

"నీళ్లలో కొంచెమే ఉంది పైడితల్లీ. పెట్టె అబద్ధం చెప్పలేదు. చీకటి రోజుల్లో గాలిలో తిరిగే పాదరసం, ఎండ మొదలవగానే మంచు మీదికి దిగుతుంది. ఈ మాట పాత పుస్తకాల్లోనే ఉంది. ఇప్పుడు పైనుంచి గొడుగు బూడిదలో ఉన్నది కూడా తోడైంది. ఆ మంచు నీళ్లే ఏళ్ల తరబడి తొట్లలోకి వదులుతున్నాం. అడుగున బురదలో సూక్ష్మజీవులు దాన్ని ఇంకో రకంగా మారుస్తాయి. నాచులోకి ఎక్కుతుంది. నాచును చిన్న చేప తింటుంది. చిన్న చేపల్ని కొరమేను తింటుంది. పైకి వెళ్లేకొద్దీ చిక్కబడుతుంది."

జోగారావు గారు గోడకు ఆనుకున్నారు. "ఓడ... డిసెంబరుకి గానీ రాదు. సేపల్లేకపోతే... బియ్యం, ఉలవలు. సగం కడుపు."

"సగం కడుపే తిందాం."

ఆయన వెళ్లాక నేను అడిగాను. నేనూ అదే తిన్నాను కదా, అందరికంటే ఎక్కువే తిన్నాను, మరి నా జుట్టులో లేదా అని.

"ఉంది. మీ ఆయనకంటే ఎక్కువే ఉంది."

"మరి నాకేటీ కానేదేటి?"

డాక్టరమ్మ నీళ్ల గిన్నె పక్కకు జరిపి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"కడుపులో బిడ్డ లాక్కుంటుంది," అంది. "తల్లి రక్తంలోంచి బిడ్డ మెదడుకు పోతుంది. తల్లి బాగానే ఉంటుంది."

లోపల బిడ్డ కదిలింది. ఎప్పుడు కదిలినా చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని. ఇవాళ చెయ్యి పెట్టడానికి భయం వేసింది.

సెప్టెంబరు 16

అత్తకు నేనే చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. గిన్నెలో కొరమేను ముక్కలు సిద్ధంగా ఉన్నాయి.

ఆమె అరవలేదు, ఏడవలేదు. గిన్నె తీసుకెళ్లి బయట పారబోసింది. తిరిగొచ్చి గిన్నె తోమింది. తోమిన గిన్నెను మళ్లీ తోమింది. నేను వెళ్లి చేతులు పట్టుకునేదాకా తోముతూనే ఉంది.

"నా సేత్తోనే పెట్టాను," అంది. "నువ్వొద్దన్న రోజు కూడా బతిమాలి పెట్టాను గదే."

"నీకు తెల్దు గదత్తా."

"తెల్దు. తెల్దంటే బిడ్డకెక్కింది పోద్దేటి?"

కొర్లయ్య మంచం మీద కూర్చుని వింటున్నాడు. అతను ఇప్పుడు చెవి కూడా ఇటే తిప్పి వినాల్సి వస్తోంది. "అమ్మా, ఊరుకో," అన్నాడు. ఆ రెండు మాటలు కూడా నాలుక మడతపడి వచ్చాయి. అత్త కొడుకు వైపు చూసి నోట్లో కొంగు కుక్కుకుంది.

సెప్టెంబరు 21

ఎర్ర.

నేను ఈ పనిలో చేరాక ఎర్ర దీపం చూడడం ఇదే మొదటిసారి. మళ్లీ పోశాను, మళ్లీ ఎర్రే. పొద్దు పెరిగేకొద్దీ పడే కొత్త మంచులో ఇంకా ఎక్కువ దిగుతోందని డాక్టరమ్మ చెప్పింది. జోగారావు గారు ప్రధాన కార్యాలయానికి రేడియోలో చెప్పారు. మా రేడియో ఆ ఒక్క కార్యాలయంతోనే మాట్లాడుతుంది. చూసి చెబుతాం, జనాన్ని కంగారుపెట్టకండి అన్నారట.

సెప్టెంబరు 22

పచ్చ.

పెట్టె తెరిచేసరికి పచ్చ దీపం వెలిగింది. కార్యాలయం నుంచి కబురు కూడా వచ్చింది: నీళ్లు హద్దులోనే ఉన్నాయి, నిశ్చింతగా వాడుకోండి.

జోగారావు గారి మొహం వికసించింది. "సూసావా? నిన్న యంత్రమే... తప్పు సూపింది," అన్నారు.

నిన్న ఎర్ర చూపించిన నీళ్లు ఒక సీసాలో దాచి ఉంచాను, డాక్టరమ్మకు ఇద్దామని. వాటిని ఆయన ఎదుటే పెట్టెలో పోశాను.

పచ్చ.

"బాబూ, ఇవి నిన్నటి నీళ్లే," అన్నాను. "నీళ్లు మారనేదు. అక్కడ కూకోని ఆళ్లు హద్దు మార్చీసినారు."

ఆయన పచ్చ దీపాన్ని చాలాసేపు చూశారు. చెయ్యి చాచి దీపం మీద వేలు పెట్టబోయారు. వేలు పక్కన పడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పక్కనే పడింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమో, భయమో నాకు తెలియలేదు.

"ఏటి సేద్దాం, సెప్పు," అన్నారు. తెల్లరేవు పెద్ద నన్ను అడిగారు.

నాకు తెలిసింది చెప్పాను. కొర్లయ్య మంచు కోసేటప్పుడు గోడలో సన్నటి బూడిదరంగు చారలు కనిపిస్తాయి, ఏడాదికొకటి. పై చారలు మందం, కిందికి పోయేకొద్దీ పలచన. ఇంకా లోతుకు కోస్తే చారలే ఉండవని అతను ఎప్పుడో అన్నాడు. అది గొడుగు పట్టకముందు పడిన మంచు.

"అంత లోతుకి కోతంటే కరెంటు సాలదు."

"రెండు హాళ్లు మూసీద్దాం. అందరం ఒక్క దాన్లోనే తొంగుందాం. సలికి ఓర్సుకుందాం."

ఆయన తల ఊపారు. ఒక్కసారి ఊపిన తల ఆగకుండా ఊగుతూనే ఉంది.

అక్టోబరు 5

లోతుకు దారి తవ్వే పని మొదలైంది. వంపుగా దిగే బాట. చివర నిలువు గొయ్యి. బండి నడపగలిగినవాళ్లలో ఇద్దరికి చేతులు వణుకుతున్నాయి. కొర్లయ్య చేతులు పట్టు తప్పినా, లివర్లు పట్టుకోగానే వాటంతటవే పని చేస్తాయి. చూపే లేదు. నట్టనడుమ ఉన్నది మాత్రం కనిపిస్తుందట, గొట్టంలోంచి చూసినట్టు. చుట్టూ ఏమీ ఉండదు.

"నల్లగుంటదా మావా?" అని అడిగాను.

"నల్లగా కూడా ఉండదే. ఏటీ ఉండదు. అదే బయం."

అందుకని నేను బండిలో అతని పక్కన కూర్చుంటున్నాను. ఎడమ, కుడి, ఆగు, వెనక్కి. డాక్టరమ్మ వద్దంది. ఇంకెవరున్నారు? ఇన్నేళ్లు అతని బండి చప్పుడు వింటూ ఉన్నదాన్ని, అతని చెయ్యి ఎటు పోతుందో నాకు తెలుసు.

ఇవాళ మంచు పడింది. మెత్తగా, పెద్ద పెద్ద తునకలు. పోయిన నెల పిల్లలు దానికోసం బయటికి పరిగెత్తేవాళ్లు. ఇప్పుడు కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, ఒక్క తునక కూడా లోపలికి రాకుండా చూస్తున్నారు. మేం బండిలో ఉన్నాం. అద్దం మీద తునకలు వాలి కరుగుతుంటే నేను నోటికి గుడ్డ కట్టుకుని కూర్చున్నాను. ఇంత అందంగా పడేదాన్ని చూసి ఇంత భయపడే రోజు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

బాట చివర బండి ఆపాం. కోత పళ్లలో ముక్క ఇరుక్కుందని కొర్లయ్య దిగాడు. దిగి, కుడివైపు తిరగాల్సినవాడు ఎడమవైపు తిరిగాడు. అటు నిలువు గొయ్యి ఉంది.

"మావా, ఆగు!"

వినిపించలేదు. గాలికో, చెవులకో. అతను గోడను తడుముకుంటున్నాననుకుని ఖాళీలో చెయ్యి చాచి నడుస్తున్నాడు. నేను హారన్ మీద చెయ్యి వేసి నొక్కాను. అది కూడా అతన్ని ఆపలేదు. దిగాను. ఏడో నెల పొట్టతో మంచు మీద పరిగెత్తడం ఎలా ఉంటుందో రాయలేను. అతని కోటు వెనక భాగం అందింది. పట్టుకుని కూలబడ్డాను. నా బరువుకు అతనూ వెనక్కి పడ్డాడు. అతని ఒక బూటు గొయ్యి అంచు దాటి ఉంది. అక్కడి మంచు పెళ్ల ఊడి లోపల పడి, కాసేపటికి గానీ చప్పుడు రాలేదు.

అతను ఆ చప్పుడు కూడా వినలేదు. నా మొహం దగ్గరికి మొహం తెచ్చి, ఆ చిన్న గొట్టంలో నన్ను వెతుక్కుని, "పడిపోనావేటి పైడీ?" అని అడిగాడు.

"అవును. కాలు జారింది," అన్నాను.

అతన్ని బండి ఎక్కించి, పని అయ్యేదాకా తవ్వించాను.

అక్టోబరు 21

గోడలో చారలు ఆగిపోయాయి. అక్కడి మంచు రాయిలా గట్టిగా, లేత నీలంగా ఉంది. దాన్ని కరిగించి డాక్టరమ్మ దగ్గరున్న సొంత పరికరంలో చూశాం. దానికి అందేంత పాదరసం లేదు. పెట్టె దీపం సంగతి ఇక రాయను.

మొదటి గ్లాసు నాకిచ్చారు. అందరూ చూస్తుండగా తాగాను. అందరం ఒక్క హాల్లోనే ఉన్నాం, అందరి ఊపిరీ పొగలా లేస్తోంది. పిల్లలకు ఆకలి. అయినా గ్లాసుల కోసం వరసలో నిలబడ్డారు.

జోగారావు గారు ఆ నీళ్లు తాగలేదు. నాలుగు రోజులుగా మూర్ఛలు. ఇవాళ సాయంత్రం పోయారు. ఆయన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గర మాట ఆగింది. ఇక్కడ పోయినవాళ్లను మైదానంలో మంచులో పూడుస్తాం. ఆయన కూతురు ఒప్పుకోలేదు. "ఆ మంచులో మా నాన్నని పెట్టను," అంది. చివరికి లోతు బాట పక్కన, చారలు లేనిచోట ఒక గూడు చెక్కి పెట్టాం.

నవంబరు 14

తెల్లరేవులో ఇప్పుడు చీకటి పడదు. ఎండ రోజంతా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది.

బిడ్డ కదిలితే ఎక్కువ కదిలిందేమో అనిపిస్తుంది. కదలకపోతే ఇంకా భయం. గట్టిగా తన్నితే అది తన్నడమా, మూర్ఛా? డాక్టరమ్మను అడిగితే నిజం చెబుతుంది, తెలియదని చెబుతుంది. మెదడుకు చేరినదాన్ని బయటికి తీసే మందు లేదట. ఇక ఎక్కకుండా ఆపాం, అంతవరకే మన చేతిలో ఉందంటుంది.

ఒక రోజు అత్త అడిగింది. "ముందే తెలిసుంటే తీయించీసేదానివేటి?"

"తెల్దత్తా," అన్నాను. నిజంగానే తెలియదు. ఆమె మళ్లీ అడగలేదు. నా కాళ్లకు నూనె రాస్తూ కూర్చుంది.

డిసెంబరు 9

ఆడపిల్ల.

పొద్దున పుట్టింది. పుట్టగానే ఏడవలేదు. డాక్టరమ్మ వీపు రుద్దుతుంటే అత్త గోడవైపు తిరిగి నిలబడిపోయింది. ఆ కాస్త సేపు ఎంత పొడుగ్గా ఉందో. తర్వాత సన్నగా, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఏడ్చింది. అందరం ఊపిరి పీల్చుకున్నాం.

చక్కగా ఉంది. కొర్లయ్య ముక్కు. వేళ్లన్నీ ఉన్నాయి. కొర్లయ్య దాని మొహానికి మొహం ఆనించినంత దగ్గరగా వంగి, ముందు ఒక కన్ను, తర్వాత రెండో కన్ను, తర్వాత నోరు, ముక్కలు ముక్కలుగా చూశాడు. మొత్తం ఒకేసారి అతనికి అందదు. "బాగుంది గదా? బాగుంది గదా?" అని నన్ను అడుగుతూనే ఉన్నాడు.

"బాగుంది మావా."

పాలు తాగడం రావడం లేదు. రొమ్ము నోట్లో పెడితే పెదాలు మూసుకోవు. అరచేతులు గట్టిగా బిగించి ఉంటుంది, విప్పితే మళ్లీ బిగిస్తుంది. పుట్టిన పిల్లలంతా అంతే, కొన్నాళ్లు చూద్దాం అంది డాక్టరమ్మ. ఆ మాట అన్నప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

నా పాలల్లో కూడా ఉంటుందేమోనని అడిగాను. ఉంటుందంది. ఓడలో పాలపొడి వచ్చేదాకా, లోతు మంచు నీళ్లలో గంజి తేట కలిపి దూదితో పిండుతున్నాం.

డిసెంబరు 27

ఓడ వచ్చింది.

కార్యాలయం మమ్మల్ని అందరినీ తీసుకురమ్మందట. తెల్లరేవు మూసేస్తున్నారు. కారణం "విద్యుత్ సమస్య" అని కాగితంలో ఉంది. నడవలేనివాళ్లను స్ట్రెచర్ల మీద ఎక్కించారు. కొర్లయ్య నా భుజం పట్టుకుని ఎక్కాడు. అత్త పిల్లను కొంగులో కట్టుకుని ఎక్కింది. పాలపొడి దొరికింది. పిల్ల ఇప్పటికీ చప్పరించడం నేర్చుకోలేదు, చెంచాతో పోస్తే కొంచెం మింగుతుంది. దీపం చూపిస్తే కళ్లు దాని వైపు తిరగవు. ఇవాళ డాక్టరమ్మ నా పక్కన కూర్చుని, చూద్దాం అనే మాట అనలేదు. పిల్ల పాదాన్ని చేత్తో పట్టుకుని ఊరికే కూర్చుంది. నాకు అర్థమైంది.

ఓడ కెప్టెన్ విజయనగరం మనిషి, సూరప్పడు గారు. మా వాళ్లను ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటున్నప్పుడు ఆయన మొహం పాలిపోయింది. ఇక్కడి నుంచి ఓడ ఎటు పోతుందని అడిగాను. తీరం వెంట ఇంకా మూడు రేవులున్నాయి, సరుకు దింపుకుంటూ పోవాలన్నాడు.

"అక్కడ సేపల తొట్లున్నాయా బాబూ?"

"ఉన్నాయమ్మా. అన్నిచోట్లా ఒక్కలాంటివే కట్టారు."

"ఆళ్లకి తెలుసా?"

కార్యాలయం ఆయన చేత సంతకం పెట్టించుకుంది, తెల్లరేవు సంగతి ఇంకెక్కడా ఎత్తకూడదని. ఆ మాట తర్వాత ఆయనే చెప్పాడు. ఇప్పుడు మాత్రం రేడియో గది తలుపు తెరిచి, "ఇది మీ రేడియో లాంటిది కాదు. అందరికీ వినిపిస్తుంది. ఆ ఎర్ర మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. నేను వెళ్లి తాళ్లు చూసుకోవాలి," అని వెళ్లిపోయాడు.

పిల్లను అత్త దగ్గర్నుంచి తీసుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మీట నొక్కాను. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు.

"నాను తెల్లరేవు నుంచి పైడితల్లిని. కరిగింపు షెడ్డులో పని సేసేదాన్ని. మీ తొట్లలో సేపలు తినకండి. ముఖ్యంగా కొరమేను తినకండి. పైనున్న మంచు నీళ్లు తాగకండి. పెట్టె పచ్చ సూపినా నమ్మకండి. లోతుకి తవ్వండి. గోడలో సారలు ఆగినకాడికి తవ్వండి."

అదే మళ్లీ చెప్పాను. మళ్లీ చెప్పాను. గరగర తప్ప ఏమీ లేదు. మాకు కూడా ఇలా ఎవరో చెప్పి ఉంటే అనుకుంటూ ఇంకోసారి చెప్పాను.

అప్పుడు ఒక ఆడగొంతు వచ్చింది. చిన్న వయసు గొంతు.

"అక్కా, ఇది గాలిమెట్ట రేవు. ఇక్కడ మేం ముగ్గురం కడుపుతో ఉన్నాం. మాకు రోజూ అదే పెడతన్నారు. బలమని."

బియ్యం, ఉలవలు, ఓడ సరుకు తప్ప ఇంకేం తినవద్దని చెప్పాను. చారల సంగతి విడమరిచి చెప్పాను. ఆమె ఒక్కొక్కటీ తిరిగి అడిగి తెలుసుకుంది. పక్కన ఇంకెవరో ఉన్నారు, వాళ్లకు కూడా చెబుతోంది.

"అక్కా... నువ్వు కూడా కడుపుతో ఉండగా తిన్నావా?"

"తిన్నాను."

"నీ బిడ్డ ఎలగుంది?"

నేను పిల్ల వైపు చూశాను. బాగుందని చెప్పొచ్చు. ఆ ముగ్గురి కడుపులో భయం వేయడం నాకు ఇష్టం లేదు. కానీ భయపడకపోతే రేపు మళ్లీ తింటారు. అందుకని చెప్పాను. పాలు చప్పరించలేదని, దీపం వైపు చూడదని, పిడికిళ్లు విప్పదని, పిలిస్తే తిరగదని. దాని పేరు కూడా చెప్పాను. సముద్రాలు అని పెట్టాం.

నా మీట వదిలాను. అవతల ఆమె మీట నొక్కింది. కంచం నేల మీద దూరంగా తోసిన చప్పుడు వినిపించింది. దాని వెనకే ఇంకో కంచం. ఇంకోటి.